రాయగడలో పై వాటా అద్దె ఆగిపోయింది, ఏం చేయాలి?

రాయగడ మేడ ఇల్లు

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడలో మాకు చిన్న మేడ ఉంది. కింద మేముంటాం, పైన రెండు వాటాలు అద్దెకిచ్చాం. ఒక వాటాలో ఉన్నతను కాగితం మిల్లు వైపు కాంట్రాక్టు పనులు చేయిస్తుంటాడు. దీపావళి తరువాత అతని దగ్గర నుంచి అద్దె రాలేదు. రెండు నెలల అడ్వాన్సు ఎప్పుడో చెల్లిపోయింది. అడిగితే బిల్లు పాసు కాగానే ఇస్తానంటాడు, మజ్జిగౌరి అమ్మవారి చైత్ర జాతర లోపు పైసలతో సహా తీర్చేస్తానంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. మా అమ్మకు మందులు కావాలంటే అర్ధరాత్రి అయినా బండి తీస్తాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. రోజూ మెట్ల మీద ఎదురుపడే మనిషిని నిలదీయడానికి నోరు రావడం లేదు.

విశాఖలో ఉన్న మా బావగారు "కరెంటు తీసేయ్, వారంలో దిగిపోతాడు" అంటున్నారు. హైదరాబాదు తమ్ముడేమో "పదకొండు నెలల అగ్రిమెంటు ఉందిగా, ఇక భయమెందుకు" అంటున్నాడు. ఆ అగ్రిమెంటు గడువు దాటి చాలా కాలమైంది. మన సరిహద్దు ఊళ్లలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తారో చెప్పండి.

బరంపురం మాస్టారు

ముందు కరెంటు జోలికి వెళ్లకండి. మీ బావగారికి సలహా చెప్పడం తేలిక, పోలీస్ స్టేషన్‌కు వెళ్లి నిలబడాల్సింది మీరు. మా వీధిలో ఒకాయన కిరాయిదారు ఊళ్లో లేనప్పుడు తలుపుకు తన తాళం వేశాడు. ఆ తాళం తీయడానికి, రాజీ చేసుకోవడానికి అయిన ఖర్చు రావలసిన బకాయిని మించిపోయింది.

మాది పెద్ద ఆసుపత్రికి దగ్గర. నర్సులు, మెడికల్ విద్యార్థులు, రోగుల వెంట వచ్చి నెలల తరబడి ఉండిపోయేవాళ్లు మాకు అద్దెకు వస్తారు. గది ఖాళీగా ఉండదు కానీ మనిషి నిలవడు. మనిషి మారినప్పుడల్లా సున్నం, కులాయి వాషర్లు, ఫ్యాను కెపాసిటరు, ఎవరో పట్టుకుపోయిన తాళంచెవి. ఇవన్నీ పోగా చేతిలో మిగిలేదే అద్దె. 2013 అక్టోబరులో పైలిన్ తుపాను మా పై గది రేకులను పక్క వీధిలో పడేసింది. ఆ ఏడాది అద్దెల కంటే రేకుల బిల్లే ఎక్కువైంది.

జయపురం వకీలు గుమాస్తా

మాస్టారు చెప్పింది నిజం. చట్టం సంగతి నేను చెబుతాను, ఓపికగా చదవండి.

పదకొండు నెలలని రాయించుకోవడం ఎందుకో చాలామందికి తెలియదు. ఏడాదికి మించిన కౌలును, అద్దెను 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు. అంతకు మించి ఆ అంకెకు మహిమ ఏమీ లేదు. గడువు దాటాక కూడా మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కనుక అది ఇప్పుడు నెలవారీ అద్దె కింద నడుస్తున్నట్టు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన రోజు నుంచి లెక్క. నోటి మాట, వాట్సాప్‌లో కోపం బొమ్మ పెట్టడం నోటీసు కిందికి రావు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టులో పంపి, రసీదూ, అందినట్టు ఆధారమూ దాచుకోండి.

తాళం వేయడం గురించి ఇంకొక మాట. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అతను ఆరు నెలల లోపు దావా వేసి మళ్ళీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. మీ పట్టా కాగితాలు చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చోవడమే.

"పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాడిదే అయిపోతుంది" అన్న భయం మీకు ఉందో లేదో కానీ, మా ఆఫీసుకు వచ్చే ప్రతి ఇంటాయనకూ ఉంటుంది. అద్దెకు దిగినవాడు మీ అనుమతితో ఉన్నవాడు. అద్దెకుంటూనే ఆ ఇల్లు మీది కాదని అతను వాదించడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే అతను అద్దెకు దిగాడని రుజువు చేసే కాగితం ముక్క ఏదైనా సరే, పాత అగ్రిమెంటయినా, పదిలంగా ఉంచండి.

బల్లార్షా గృహిణి

మాది చంద్రపూర్ జిల్లా. రాయగడ అన్నగారూ, మీకు ఒడిశా వాళ్లు చెప్పిందే పనికొస్తుంది. మా పద్ధతి వేరు. ఇది చదివే నాందేడ్, గడ్చిరోలి వైపు వాళ్ల కోసం రాస్తున్నాను.

మహారాష్ట్రలో 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. అందులో 55వ సెక్షన్ ప్రకారం ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. పదకొండు నెలలే కదా అని వదిలేయడానికి వీల్లేదు. చేయించాల్సిన బాధ్యత ఇంటి యజమానిదే. చేయించకపోతే శిక్ష ఉంది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, షరతుల మీద గొడవ వచ్చినప్పుడు మనం తప్పని రుజువు చేసేదాకా కిరాయిదారు మాటే చెల్లుతుంది. అందుకే ఇక్కడ అందరూ లీవ్ అండ్ లైసెన్స్ (కొంతకాలం ఉండనిచ్చే అనుమతి ఒప్పందం) రాయించి ఆన్‌లైన్‌లో వేలిముద్రలతో రిజిస్టరు చేయిస్తారు. గడువు అయ్యాక మనిషి కదలకపోతే 24వ సెక్షన్ కింద ప్రత్యేక అధికారి దగ్గరికి వెళ్లవచ్చు, అప్పటి నుంచి రెట్టింపు రుసుము అడగవచ్చు. నీళ్లు, కరెంటు ఆపడం ఇక్కడ చట్టంలోనే నేరం.

మాకు కష్టమంతా ఎండాకాలంలోనే. బొగ్గు గనుల ఊరు, ఎండ మీకు తెలిసిందే. ప్రతి కిటికీకీ ఒక కూలరు. అద్దెవాళ్లు పగలూ రాత్రీ పంపు తిప్పుతారు. కూలరు అడుగున తుప్పుపట్టిన ట్రే నుంచి నీళ్లు కారీ కారీ కిటికీ కింద ప్లాస్టరు ఉబ్బుతుంది, వేలితో నొక్కితే పొడిలా రాలుతుంది. ఆ గోడ ఖర్చు అడ్వాన్సులోంచి పట్టుకుంటే "ఇది మామూలు అరుగుదల" అంటారు. ఇప్పుడు దిగేటప్పుడే గోడలు, స్విచ్చులు, కులాయిలు అన్నింటికీ ఇద్దరం నిలబడి ఫోటోలు తీసి, ఒకరికొకరం పంపుకుంటున్నాం. అప్పటి నుంచి గొడవలు సగం తగ్గాయి.

గుణుపురం అద్దె గది

ఇక్కడ అందరూ ఇంటివాళ్లే మాట్లాడుతున్నారు, అద్దెకుండేవాడిగా నేనూ ఒక మాట అంటాను. కాలేజీ దగ్గర గది తీసుకున్నాను. కోడికూర వండకూడదు, తొమ్మిది దాటితే గేటు మూత, బంధువు వస్తే మనిషికింత. సరే అన్నాం. ఖాళీ చేసేటప్పుడు "రంగుల ఖర్చు" అని అడ్వాన్సు మొత్తం మింగేశారు. నేను దిగినప్పుడు ఆ గోడకు రంగు ఉంటే కదా! వానాకాలమంతా స్లాబు కారితే బకెట్టు పెట్టుకుని పడుకున్నాను. మోటారు ఎప్పుడు వేస్తారో ఇంటావిడ మనసుకే తెలియాలి.

రాయగడలో ఆ పై వాటా ఆయనకు నిజంగానే బిల్లు రాలేదేమో. కాంట్రాక్టు పనుల్లో నెలల తరబడి డబ్బు ఆగడం మామూలే.

జయపురం వకీలు గుమాస్తా

తమ్ముడూ, కారే స్లాబుకు దారి ఉంది. యజమాని చేయించవలసిన మరమ్మతును మీరు తెలియజేసినా ఆయన తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చు. అదే ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్. ముందు రాతలో చెప్పాలి, బిల్లు ఉంచుకోవాలి. కోడికూరకు మాత్రం సెక్షన్ లేదు.

కోరాపుట్ కొండవాలు

విషయం కాస్త పక్కకు పోతుంది, క్షమించాలి. సునాబెడ, దామంజోడి వైపు ఉద్యోగులు ఉంటారు, అద్దెలు బాగా వస్తాయి అని ఆంధ్ర నుంచి బంధువులు స్థలం కొంటామని ఫోను చేస్తుంటారు. కోరాపుట్, రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతాలు. ఆదివాసీ స్థలాన్ని ఇతరులు కొనడం, ఆంధ్రలో 1/70 చట్టం లాగానే, ఇక్కడా కుదరదు. 1956 నాటి నిబంధన, 2002లో ఇంకా బిగించారు. ఎవరి పేరు మీదో రాయించి ఇల్లు కట్టి అద్దెలు వసూలు చేసుకుంటున్నవాళ్లను చూసి అదే దారి అనుకోకండి. వాళ్ల రాత్రి నిద్రల సంగతి నాకు తెలుసు.

రాయగడ మేడ ఇల్లు

అందరికీ ధన్యవాదాలు. గుణుపురం తమ్ముడి మాట కూడా మనసులో పెట్టుకునే నోటీసు పంపాను. పంపే ముందు పైకి వెళ్లి, ఇలా కాగితం వస్తుంది, కోపం తెచ్చుకోకు అని చెప్పాను. మూడు రోజులు మాట్లాడలేదు. అమ్మే ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది. ఇప్పుడు నోటీసు గడువు దాటాక, నిన్న సాయంత్రం, ఫోన్‌లో కొంత డబ్బు వేశాడు. మొత్తం బకాయిలో సగం కూడా కాదు. "మిగతాది జాతరకు" అని కింద రాశాడు. తీసుకోవచ్చా, తిప్పి పంపాలా?

జయపురం వకీలు గుమాస్తా

మంచిపని చేశారు, అడిగి. నోటీసు గడువు ముగిసిన తరువాతి కాలానికి అద్దె పుచ్చుకుంటే నోటీసును మీరే వదులుకున్నట్టు 113వ సెక్షన్ కింద వాదించవచ్చు. పాత బకాయి పుచ్చుకోవడానికి ఆ ఇబ్బంది లేదు. కనుక ఈ రోజే రసీదు రాయండి: ఈ మొత్తం ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ఉన్న బకాయి కింద మాత్రమే ముట్టింది, ఇచ్చిన నోటీసు అలాగే అమల్లో ఉంది. దాని ఫోటో అతనికి పంపండి, "అందింది" అని జవాబు రప్పించండి. ఇకపై నగదు ఇస్తే, అయిదు వేలు దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించండి. అతను ఉండటమే మీకు ఇష్టమైతే మాత్రం ఇదంతా వద్దు. కొత్త అగ్రిమెంటు రాయించండి, తేదీ వేసి.

పర్లాకిమిడి పెంకుటిల్లు

ఎవరూ ఆదాయపు పన్ను సంగతి ఎత్తలేదు. మీరు కట్టిన ఇంటి పన్ను తీసేశాక, మిగిలిన అద్దెలో 30 శాతం మరమ్మతుల కింద మినహాయింపు వస్తుంది, బిల్లులు చూపనవసరం లేదు. పెంకులు మార్చడానికి ఏడాది అద్దె అంతా అయినా ఆ 30 శాతమే. నాకు ప్రతి ఏడూ ఒళ్లు మండేది ఇక్కడే.

రాయగడ మేడ ఇల్లు

గుమాస్తాగారు చెప్పినట్టే రసీదు రాసి పంపాను, "అందింది" అన్నాడు. కొత్త అగ్రిమెంటా, ఖాళీనా అన్నది జాతర దాకా చూసి తేలుస్తాం. ఇంకొక సందేహం: మూడు కాపురాలకూ ఒకే మీటరు. పై వాటాలకు సబ్‌మీటర్లు ఉన్నా ప్రతి నెలా మా చేతి నుంచి పడుతోంది.

బరంపురం మాస్టారు

మూడు ఇళ్ల యూనిట్లు ఒకే బిల్లులో కలిస్తే ఎక్కువ రేటు స్లాబులోకి ఎక్కుతాయి, మీరు మాత్రం కింది స్లాబు లెక్కన వసూలు చేస్తున్నారు. తేడా మీ జేబులోంచి పోతోంది. వాటాకు ఒక కనెక్షన్ ఇమ్మని దరఖాస్తు పెట్టండి. ఆ రెండో వాటా వాళ్లతో మీకు గొడవ లేదు కదా, ముందు వాళ్లది మార్పించండి. కనెక్షన్ మీ పేరున ఉన్నంత కాలం, వాళ్లు దిగిపోయేటప్పుడు చివరి బిల్లు చూడకుండా అడ్వాన్సు తిరిగి ఇవ్వకండి.