పాత బొలెరో పికప్ మైలేజ్ 12 నుంచి 9కి పడిపోయింది, ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలి?

చేవెళ్ల ట్రాలీ:
అన్నలందరికీ నమస్తే. నాది 2012 మోడల్ బొలెరో పికప్. తెల్లవారుజామున చేవెళ్ల వైపు ఊళ్ల నుంచి పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి, కూరగాయలు మెహదీపట్నం రైతుబజార్‌కి వేస్తాను. వచ్చేటప్పుడు బండి చాలావరకు ఖాళీనే. పోను రాను 90 కిలోమీటర్ల దాకా అవుతుంది. ఇదివరకు లోడుతో కూడా లీటరుకి 12 తగ్గకుండా ఇచ్చేది, ఈ ఎండాకాలం నుంచి దిగుతూ దిగుతూ 9 దగ్గరికి వచ్చింది. అంటే రోజుకి రెండున్నర లీటర్లు ఎక్కువ తాగుతోంది. డీజిల్ లీటరు 95 దాటి ఉన్నప్పుడు ఇదంతా నా కిరాయిలోంచి పోయే డబ్బే, ఓనరూ నేనే డ్రైవరూ నేనే.

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చేశాను. లోడు మీద గట్టిగా తొక్కితే కొంచెం నల్ల పొగ వస్తుంది, మామూలుగా అయితే లేదు. ఒక మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చాలంటున్నాడు, ఇంకొకతను ఏకంగా ఇంజిన్ విప్పాలంటున్నాడు, రెండు మాటలకీ నాకు టెన్షన్ పట్టుకుంది. డీజిల్ పైపుకి మ్యాగ్నెట్ కడితే మైలేజ్ పెరుగుతుందని మా దగ్గర ఇద్దరు ముగ్గురు పెట్టించుకున్నారు, అది పని చేస్తుందా? ఖాళీగా వచ్చేటప్పుడు వెనక డాలా (తొట్టి వెనక తలుపు) దించి నడిపితే గాలి ఆపదు అంటారు, అది నిజమేనా?

కూకట్‌పల్లి లోకల్:
తమ్ముడూ, ముందు ఆ 9 ఎలా లెక్క కట్టావో చెప్పు. వెయ్యి రూపాయలది పోయించి ముల్లు చూసుకుంటే అది లెక్క కాదు. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, ఫుల్ ట్యాంక్ కొట్టించి, పంపు గన్ ఆటో కట్ అవ్వగానే ఆపించు, మళ్లీ అదే పంపులో అలాగే ఫుల్ చేయించి మధ్యలో తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించు. అలా రెండు మూడుసార్లు చేస్తే గానీ అసలు నంబర్ తేలదు. టైర్ల సైజ్ మార్చి ఉంటే బండిలో కిలోమీటర్ల మీటర్ కూడా తప్పు చూపిస్తుంది, ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఒకసారి సరిచూసుకో.

మ్యాగ్నెట్ జోలికి పోకు. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ సంస్థ ఇలాంటి మైలేజ్ పరికరాలు వందకు పైగా పరీక్షించింది, చాలావాటితో ఏ లాభమూ కనిపించలేదు. డీజిల్‌కి అయస్కాంతం అంటుకోవడానికి అందులో ఇనుము లేదు కదా. ఆ డబ్బుతో ఎయిర్ ఫిల్టర్ కొను. నువ్వు మార్చినవాటిలో దాని పేరు లేదు. చేల బాటల దుమ్ములో తిరిగే బండికి అది తొందరగా మూసుకుపోతుంది, తొక్కినప్పుడు నల్ల పొగ రావడానికి అదొక్కటే కారణం కావచ్చు.

డాలా సంగతి కూడా ఉత్త మాటే. డాలా మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరిగి నిలబడుతుంది, పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. దించితే ఆ సుడి పోతుంది, కలిసొచ్చేదేమీ ఉండదు. పైగా రోడ్డు మీద అలా వేలాడేసుకుని తిరిగితే వెనక వచ్చే టూ వీలర్ వాడికి ప్రమాదం. గాలి ఆపేది వదులుగా కట్టిన టార్పాలిన్, క్యాబిన్ మీద లేపిన ఇనుప ఫ్రేమ్. అవసరం లేకపోతే ఫ్రేమ్ విప్పించు, బరువు కూడా తగ్గుతుంది.

ఆటోనగర్ మెకానిక్:
పైన అన్న చెప్పింది కరెక్టే. ఇంజెక్టర్ల దాకా పోకముందు నేను రెండు చూస్తాను. చక్రాలు ఫ్రీగా తిరుగుతున్నాయా, ఇంజిన్ సరిగ్గా వేడెక్కుతోందా. మా దగ్గరికి మైలేజ్ లేదని వచ్చే పాత బళ్లలో ఈ రెండే ఎక్కువ దొరుకుతాయి, కానీ వీటిలో పెద్ద బిల్లు ఉండదు కాబట్టి చాలామంది వీటి గురించి మాట్లాడరు.

ముందు చక్రాలు. ఖాళీ బండితో పెద్దగా బ్రేక్ వేయకుండా ఒక 15, 20 కిలోమీటర్లు వచ్చి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి (డ్రమ్ముని ముట్టుకోకండి, కాలుతుంది). ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోందన్నమాట. తర్వాత ముందు చక్రాలకి చెక్కలు పెట్టి, వెనక జాకీ ఎత్తి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ దించి చేత్తో తిప్పండి. కారణం బ్రేక్ షూ టైట్‌గా కట్టడమో, రిటర్న్ స్ప్రింగ్ సాగిపోవడమో, వీల్ సిలిండర్ జామ్ అవడమో, హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రాకపోవడమో అవుతుంది. బండి రోజంతా బ్రేక్ తొక్కి పట్టుకుని నడిచినట్టే ఉంటుంది, డ్రైవర్‌కి మాత్రం తెలియదు, ఎందుకంటే అది ఒక్కరోజులో వచ్చేది కాదు, నెమ్మదిగా అలవాటైపోతుంది.

ఇక రెండోది. ఎండాకాలం నుంచి తగ్గిందన్నారు కదా, అప్పుడు బండి వేడెక్కిందా? ఎవరైనా థర్మోస్టాట్ వాల్వ్ తీసేశారా? హీట్ కంప్లైంట్‌తో వెళ్తే చాలా చోట్ల చేసే పని ఇదే, వాల్వ్ తీసి పారేస్తే ముల్లు దిగుతుంది, కస్టమర్ సంతోషంగా వెళ్తాడు. కానీ ఆ వాల్వ్ ఉన్నదే ఇంజిన్ 80 డిగ్రీలు దాటేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపడానికి. అది లేకపోతే, మీలాగా చీకటితో బయల్దేరి ఆగి ఆగి నడిచే బండి సగం దారి చల్లగానే నడుస్తుంది. ఆయిల్ చిక్కగా ఉంటుంది, డీజిల్ పూర్తిగా మండదు, కామన్ రైల్ బండి (డీజిల్ కొట్టేది కంప్యూటర్ చూసుకునేది) అయితే చల్లగా ఉందని కంప్యూటరే ఎక్కువ డీజిల్ కొడుతుంది. ఇంజిన్ కూడా తొందరగా అరుగుతుంది.

చూసుకోవడం సులువు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకోండి, ఫ్యాన్‌కి దూరంగా. చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడైతే వాల్వ్ పని చేస్తోంది. మొదటి నుంచే మెల్లమెల్లగా గోరువెచ్చగా అవుతుంటే వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది.

ఒకవేళ ఇంజెక్టర్ల దాకా వచ్చినా మార్చేయకండి, విప్పి బెంచ్ మీద టెస్ట్ చేయించండి, ఏది పోయిందో అది తేలుతుంది.

ఓఆర్ఆర్ రైడర్:
నడిపే తీరు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నా. కేంద్ర పెట్రోలియం శాఖ కింద ఉన్న పీసీఆర్ఏ కార్ల మీద చేసిన పరీక్షల్లో 80 స్పీడ్‌తో పోలిస్తే 45, 55 మధ్య నడిపితే 40 శాతం దాకా ఎక్కువ మైలేజ్ వచ్చిందని చెప్తుంది. ఎదర గోడలా ఉండే పికప్‌కి గాలి దెబ్బ ఇంకా ఎక్కువ. మార్కెట్‌కి లేట్ అయితే రేటు పోతుందని తెలుసు, కానీ ఖాళీగా వచ్చేటప్పుడు మొయినాబాద్ దాటాక మర్రిచెట్ల రోడ్డు మీద 80 తొక్కాల్సిన పని లేదు.

మార్కెట్ గేటు దగ్గర లైన్‌లో ఇంజిన్ ఆన్‌లో పెట్టి కూర్చోకండి, ఇంత ఇంజిన్ ఊరికే నిలబడి గంటకి అర లీటరు పైనే తాగుతుంది. దిగుడులో న్యూట్రల్ వేయడం మాత్రం అస్సలు వద్దు. కామన్ రైల్ ఇంజిన్ గేర్‌లో ఉండి కాలు తీస్తే డీజిల్ ఆపేస్తుంది, న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్‌కి తాగుతూనే ఉంటుంది, లోడు బరువంతా బ్రేకుల మీద పడుతుంది. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి, వెనక టైర్లకి కారు లెక్కన పెట్టకండి, కంపెనీ పుస్తకంలో లోడుకి వేరే నంబర్ ఉంటుంది.

చేవెళ్ల ట్రాలీ:
అన్నా, మెకానిక్ అన్న చెప్పినట్టే ఏప్రిల్‌లో లోడు మీద హీట్ ఎక్కితే ఒక షెడ్డులో "ఏదో వాల్వ్ తీసేశా, ఇక ఫికర్ లేదు" అన్నాడు. ఇవాళ హోస్ పట్టుకుని చూశాను, మొదటి నుంచే గోరువెచ్చగా అవుతోంది. వెనక ఎడమ చక్రం కూడా కుడిదానికంటే వేడిగా ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీస్తే మట్టి రాలింది, రాణిగంజ్ పోయి కొత్తది తెస్తా. వాల్వ్ కూడా అక్కడే తెచ్చి వేయించేయనా?

ఆటోనగర్ మెకానిక్:
తెచ్చుకోండి, పాత మోడల్ పార్ట్ నంబర్ చెప్పి తీసుకోండి, గ్యాస్కెట్ కూడా కలిపి. కానీ వాల్వ్ వేసే ముందు ఏప్రిల్‌లో ఎందుకు వేడెక్కిందో చూడాలి, లేకపోతే వచ్చే ఎండల్లో మళ్లీ అదే కథ. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, గడ్డి ఇరుక్కుని ఉంటాయి, ఇంజిన్ వైపు నుంచి ముందుకి నీళ్లు కొట్టి కడిగించండి, ప్రెషర్ మరీ ఎక్కువ పెడితే రెక్కలు వంగుతాయి. ఫ్యాన్‌ని తిప్పే కప్లింగ్ జారుతోందేమో, రేడియేటర్ మూత ప్రెషర్ ఆపుతోందో లేదో చూపించండి. ఉత్త నీళ్లు కాకుండా కూలెంట్ కలిపి పోయించి, గాలి మిగలకుండా తీయించండి. ఎడమ చక్రం డ్రమ్ము అదే రోజు విప్పించండి. ఇవన్నీ అయ్యాక ఫుల్ ట్యాంక్ లెక్క కట్టి నంబర్ ఇక్కడ పెట్టండి, అప్పటికీ 11 దాటకపోతే టర్బో హోస్‌లు (టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి తెచ్చే పైపులు) లీక్ ఉన్నాయేమో చూసి, ఆ తర్వాతే ఇంజెక్టర్లు విప్పుదాం.