మేయరు పట్టిన వెండి హ్యాండిల్‌కి అంత గౌరవం అవసరమా?

పాతపట్టాలు:
న్యూయార్క్ సబ్‌వే కట్టిన రోజుల గుర్తులు అనగానే అందరూ ఆ వెండి కంట్రోలర్ హ్యాండిలే (రైలు వేగాన్ని అదుపు చేసే పిడి) చూపిస్తారు. 1904 అక్టోబరు 27న ప్రారంభం రోజు మేయరు మెక్‌లెల్లన్ రైలు నడపడానికి నగల కంపెనీ టిఫనీ వాళ్లు చేసిచ్చింది, ఇప్పుడు న్యూయార్క్ హిస్టారికల్ మ్యూజియంలో ఉంది. నాలుగేళ్లకు పైగా రోడ్లు తవ్వి, బండలు పేల్చి సొరంగం కట్టినవాళ్లు ఒకరు, ఒక్కపూట రైలెక్కినాయన ఇంకొకరు. గుర్తుగా మిగిలింది రెండో ఆయన వస్తువు. దాన్ని పక్కన పెట్టి కూలీల పారలూ పలుగులూ ముందుకు తేవాలంటాను.

లాస్ట్‌కోచ్:
పార అంటే ఏ పార? 1900 మార్చిలో పనులు మొదలుపెట్టినప్పుడు మేయరు వాన్ వైక్ పట్టిన పార కూడా టిఫనీ వెండిదే! మామూలు పారలు అరిగిపోయి తుక్కులోకి పోయుంటాయి, వాటిని దాచాలని అప్పట్లో ఎవరికి తోస్తుంది? పైగా ఆ హ్యాండిల్ ఉత్తుత్తిది కాదండీ. కాసేపు పట్టుకుని అసలు డ్రైవరుకి ఇచ్చేస్తాడనుకుంటే, మెక్‌లెల్లన్ సిటీ హాల్ నుంచి 103వ వీధి దాకా వదల్లేదు, పక్కన నిలబడ్డవాళ్లకి ఎంత టెన్షనో. అంత కథ ఉన్న వస్తువుని మూలన పడేస్తామా?

పాతపట్టాలు:
సరే, పారలు దొరకవు. పేర్లు కూడా దొరకవా? 1903 అక్టోబరులో ఇదే సబ్‌వే కోసం తవ్వుతున్న ఫోర్ట్ జార్జ్ సొరంగంలో బండ కూలి పది మంది చనిపోయారు. సిటీ హాల్ స్టేషన్లో గట్జన్ బోర్గ్లమ్ చేసిన కంచు ఫలకం మీద ఉన్నవి మాత్రం పెద్ద మనుషుల పేర్లే, చీఫ్ ఇంజినీరు పార్సన్స్, కాంట్రాక్టరు మెక్‌డొనాల్డ్, డబ్బు పెట్టిన బెల్మాంట్, ఇలా. నా కోపం హ్యాండిల్ మీద కాదు, దాని పక్కన ఆ పది మంది ఊసు లేకుండా చూపించడం మీద.

బీవర్‌బొమ్మ:
ఆ ఫలకం మాత్రం ఎవరు చూస్తున్నారు? ఆ స్టేషను 1945 చివర్లో మూసేశారు, ఇప్పుడు 6 నంబరు రైళ్లు ఆగకుండా అక్కడ మలుపు తిరిగి వెళ్తాయి. నన్నడిగితే అసలు గుర్తు ఆస్టర్ ప్లేస్ స్టేషను గోడ మీది పింగాణీ బీవర్లు (నీళ్లలో తిరిగే బొచ్చు జంతువులు). ఆస్టర్ కుటుంబం బీవర్ తోళ్ల వ్యాపారంతో పైకొచ్చింది కాబట్టి ఆ బొమ్మ. అదీ డబ్బున్నోళ్ల గుర్తే, ఒప్పుకుంటా, కానీ ఇప్పటికీ రోజూ రైలెక్కే జనం కళ్లముందే ఉంది.

లాస్ట్‌కోచ్:
పాతపట్టాలు గారూ, పక్కన ఆ పది మంది గురించి ఒక బోర్డు పెట్టమంటే నేనూ మీ వైపే. హ్యాండిల్ తీసేయమంటే మాత్రం కుదరదు.