అప్‌డేట్: న్యూజెర్సీ నుంచి హంట్స్‌విల్‌కి మారాలా వద్దా

అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉద్యోగం వచ్చింది, న్యూజెర్సీ వదిలి వెళ్లాలా వద్దా అని ఇంతకుముందు అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్ అండి. హంట్స్‌విల్ వద్దనుకున్నాం, నార్త్ కరోలినాలోని రాలీలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

"ఇప్పుడొచ్చిన ఉద్యోగం పోతే అదే ఊళ్లో ఇంకోటి దొరుకుతుందా చూసుకోండి" అని ఒకరన్నారు, ఆ మాటతోనే తేలిపోయింది. హంట్స్‌విల్‌లో రెడ్‌స్టోన్ ఆర్సెనల్ అనే ఆర్మీ స్థావరం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ ఉద్యోగాల్లో చాలావాటికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) కావాలి, దానికి అమెరికా పౌరసత్వం ఉండాలి, గ్రీన్ కార్డు కూడా సరిపోదు. మేమింకా హెచ్‌1బీ వర్క్ వీసా మీదే ఉన్నాం, ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు గడువు. రాలీకైతే టెక్, రీసెర్చ్ కంపెనీలు చాలా ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ దగ్గర, ఒక ఉద్యోగం పోయినా అక్కడే ఇంకోటి చూసుకోవచ్చు.

నేను తెగ టెన్షన్ పడిన టోర్నడోలు, కరివేపాకు దొరుకుతుందా లేదా అన్నవి అసలు లెక్కలోకే రాలేదు. అలబామాలో ఇంటి పన్ను తక్కువన్నది మాత్రం నిజమే. పౌరసత్వం ఉన్నవాళ్లయితే హంట్స్‌విల్ తప్పకుండా చూడండి, మంచి ఊరు.