గిటార్ ఆంప్ ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది (విజయనగరం)

ప్రశ్న: అన్నా, 60 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్. ఔట్‌పుట్‌లో 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత. సప్లై ప్లస్ మైనస్ 35 వోల్టులు. స్విచ్ వేస్తే ఫ్యూజు టప్పుమంటోంది. పెద్ద ఫ్యూజు వేసి చూడొచ్చా?

జవాబు 1: వద్దు తమ్ముడూ, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్పీకరు వైర్లు పీకెయ్. ప్లగ్గు తీసి, పెద్ద కెపాసిటర్లను 100 ఓములు, 5 వాట్ల రెసిస్టరుతో డిశ్చార్జ్ చెయ్. స్క్రూడ్రైవర్‌తో మాత్రం షార్ట్ చెయ్యకు. మీటరుని బీప్ (కంటిన్యుటీ) మీద పెట్టి చూడు, ట్రాన్సిస్టర్ కలెక్టరు, ఎమిటరు కాళ్ల మధ్య బీప్ వస్తే ఆ ట్రాన్సిస్టర్ పోయినట్టే. ఒకటి పోయినా జత మార్చు. ఆ జతని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, ఎమిటర్ల దగ్గరి 0.22 ఓము రెసిస్టర్లు చూడకుండా కొత్తవి వేస్తే అవీ పోతాయి.

ప్రశ్న వేసినవారు: రెండూ బాగానే ఉన్నాయి. 1943 కింద మైకాకి (కరెంటు పారనివ్వని పల్చని పొర) చిల్లు ఉంది.

జవాబు 2: దొరికింది! ట్రాన్సిస్టర్ వీపు కలెక్టరే. అది గ్రౌండుకి కలిపి ఉన్న హీట్‌సింక్‌కి (వేడి లాగే లోహపు దిమ్మ) తగిలితే సప్లై నేరుగా గ్రౌండుకి షార్ట్. కొత్త మైకా వెయ్, రెండు వైపులా పేస్టు పల్చగా రాయి. కలెక్టరుకీ హీట్‌సింక్‌కీ మధ్య బీప్ రాకూడదు. తర్వాత 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు మెయిన్స్ లైనుకి సీరీస్‌లో పెట్టి ఆన్ చెయ్. ఒక్కసారి వెలిగి మసకబారాలి. అలాగే వెలుగుతుంటే షార్ట్ ఇంకా ఉంది.

జవాబు 1: స్పీకరు తగిలించే ముందు ఔట్‌పుట్‌లో డిసి వోల్టేజీ చూడు, 50 మిల్లీవోల్టులు దాటకూడదు.