‘దిస్త్రితో’ను జిల్లా అనవచ్చా?

ప్రశ్న:
పనామా మీద ఒక యాత్రా వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ‘బోకాస్ దెల్ తోరో దిస్త్రితో’ అని పదే పదే వస్తోంది. ఇది స్పానిష్ మాట. నిఘంటువు దిస్త్రితోకు జిల్లా అని అర్థం చెబుతోంది. అదే వ్యాసంలో ‘బోకాస్ దెల్ తోరో ప్రొవిన్సియా’ అని కూడా ఉంది. ప్రొవిన్సియాను రాష్ట్రమనీ, దిస్త్రితోను జిల్లా అనీ రాయవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
రాష్ట్రం వద్దండీ. ఆ మాట వినగానే మన పాఠకుడి మనసులో శాసనసభ, ముఖ్యమంత్రి మెదులుతారు. పనామాలో ప్రొవిన్సియాకు ఆ రెండూ లేవు. దాని గవర్నరును దేశాధ్యక్షుడే నియమిస్తాడు కాబట్టి ఆ పదవి మన కలెక్టరుకు దగ్గర. జిల్లా అన్న మాట ప్రొవిన్సియాకు చక్కగా అమరుతుంది. ప్రొవిన్సియా కింద దిస్త్రితోలు, వాటి కింద కొర్రెహిమియెంతోలు అని ఆ దేశ రాజ్యాంగమే మెట్లు కట్టింది. ఆ వరుసలో చూస్తే దిస్త్రితో మన మండలం మెట్టు మీద నిలుస్తుంది.

అయితే మండలం అన్నా ఇబ్బంది ఉంది. తాలూకాలు పోయి 1985లో మండలాలు వచ్చాక మనకు ఆ మాటతో తహశీల్దారు కార్యాలయం, రెవెన్యూ గ్రామాలు గుర్తుకొస్తాయి. బోకాస్ దెల్ తోరో దిస్త్రితోలో ఎక్కువ భాగం కరిబియన్ సముద్రంలో చెదిరిన దీవులు. దాని ముఖ్యపట్టణం ఈస్లా కోలోన్ అనే దీవి కొసన ఉంది. అవతలి గట్టున ఉన్న అల్మిరాంతే రేవు నుంచి అక్కడికి పడవలో వెళతారు. పక్కనే బాస్తిమెంతోస్ దీవి. ఆ పేరుకు అర్థం ప్రయాణానికి కట్టుకునే సరుకులు, అంటే మన సంబారాలు. కొలంబస్ తన నాలుగో యాత్రలో, 1502లో, ఈ జలాల్లోకి వచ్చాడు. కోలోన్ అన్నది స్పానిష్‌లో అతని పేరే. ‘బోకాస్’ అంటే నోళ్లు, సముద్రం లోపలికి వచ్చే పాయల ముఖాలు. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట్లను మనం మొగలంటాం కదా, కొంచెం ఆ పోలికే. కాకపోతే అక్కడ పాయలు నదివి కావు, దీవుల మధ్య సముద్రానివే.

ఇంకో సభ్యురాలు:
బెలీజు కూడా మధ్య అమెరికా తీరంలోనిదే కదండీ. అక్కడి స్టాన్ క్రీక్ డిస్ట్రిక్ట్‌ను అందరూ జిల్లా అనే రాస్తారు. పనామా దగ్గరికి వచ్చేసరికి అది మండలమైతే పాఠకుడు తికమకపడడా?

జవాబు:
తికమక ఆ మాటలోనే ఉందండీ. బెలీజులో డిస్ట్రిక్ట్ పై మెట్టు. దేశం మొత్తం ఆరు డిస్ట్రిక్టులు. డిస్ట్రిక్టుకు సొంతంగా ఎన్నికైన సభ లేదు, ఎన్నికలు పట్టణాలకూ గ్రామాలకూ జరుగుతాయి. స్టాన్ క్రీక్‌లో డాంగ్రిగా పట్టణానికి పాలకమండలి ఉంది, డిస్ట్రిక్టుకు లేదు. పనామాలో దిస్త్రితో రెండో మెట్టు. కోస్తారికాలో ప్రొవిన్సియా కింద కాంతోన్, దాని కింద దిస్త్రితో, అంటే మూడో మెట్టు.

సిక్సావోలా నది పనామాకూ కోస్తారికాకూ సరిహద్దు. ఉత్తరపు గట్టున, కోస్తారికాలో ఉన్న సిక్సావోలా, తలమాంకా కాంతోన్‌లో ఒక దిస్త్రితో. ఎదురు గట్టున, పనామాలో ఉన్న గ్వబీతో, చంగినోలా అనే దిస్త్రితోలో ఒక కొర్రెహిమియెంతో. అరటిపళ్ల రైలు కోసం కట్టిన పాత వంతెన మీద జనం ఏళ్ల తరబడి నడిచి దాటారు. ఆ నాలుగడుగుల్లో దిస్త్రితో అన్న మాట ఒక మెట్టు పైకెక్కుతుంది. రెండు గట్లకూ ఒకే తెలుగు మాట వేస్తే వ్యాసం తప్పు చెప్పినట్టే. అందుకే మాటకు కాదు, మెట్టుకు తెలుగు వెతకమంటాను.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. మరి దిస్త్రితోకు పెద్ద ‘అల్కాల్దే’ అని ఉంది. ఆయన్ని మండలాధ్యక్షుడు అనాలా?

జవాబు:
అనకండి. మన మండల పరిషత్తులో సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. పనామాలో అల్కాల్దేను జనమే నేరుగా ఎన్నుకుంటారు. కొర్రెహిమియెంతోలు గెలిపించిన ప్రతినిధులు వేరుగా సభ అవుతారు. మేయరు అనడం మేలు.

ఈ మాట పుట్టుక మాత్రం మీకు చెప్పకుండా ఉండలేను. అల్కాల్దే అరబ్బీ ‘అల్ ఖాదీ’ నుంచి స్పానిష్‌లోకి వెళ్లింది. మన ఊళ్లలో నికా చేయించే ఖాజీ ఆ మాటే. మన జిల్లా కూడా అరబ్బీదే, పక్కటెముక, పక్క అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. తాలూకా సరేసరి. ఖాదీ అంటే న్యాయాధికారి. స్పెయిన్‌లో ఆ మాట మెల్లగా పురపాలకుడి మీదికి జరిగింది. బెలీజు దక్షిణాన టొలెడో డిస్ట్రిక్టులోని మాయా గ్రామాల్లో ఇప్పటికీ అల్కాల్దే ఉన్నాడు. ఊరి చిన్నచిన్న తగాదాలు విని తీర్పు చెబుతాడు. అరబ్బీలో బయలుదేరిన మాట స్పానిష్ మీదుగా మాయా ఊళ్లకు చేరి, తిరిగి తన పాత పనే చేస్తోంది. మీ వ్యాసం ఎప్పుడైనా టొలెడో దాకా వెళితే, అక్కడ మాత్రం మేయరు అని రాయకండి. ఊరి తీర్పరి అనండి.