1939 రూపాయికి లక్షలు: నాణెం విలువా, వేలంపాట వేడా?

గోదారిగట్టు:
అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఆరో జార్జి వెండి రూపాయి దొరికింది, 1938ది. ఆన్‌లైన్ వేలాల్లో 1939ది మాత్రం లక్షల్లో పోతోంది. అదే రాజు, అదే వెండి, ఒక్క ఏడాది తేడా. దీన్ని విలువ అనలేను, డబ్బున్నవాళ్ల పంతం అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

రాగిపైసా:
పంతమే. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలు, 2024లో 30 లక్షలు దాటింది. పైగా ఈ వార్తలు చూసే మా బాబాయి ట్రాక్టర్ బొమ్మ 5 రూపాయల నోటుకు లక్షలొస్తాయని నమ్మి, ఎవరికో ‘రిజిస్ట్రేషన్’ అంటూ 2 వేలు కట్టారు. మళ్లీ ఆ నంబరు పలకలేదు.

హాలీసిక్కా:
బాబాయిగారికి జరిగింది మోసం, దాన్ని వేలంతో కలపకండి. పాత నోట్లు, నాణేల పేరుతో కొందరు తన పేరూ వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

లడ్డూ ఏటా కొత్తది చేస్తారు. 1939 రూపాయి మళ్లీ కొట్టరు. 11.66 గ్రాముల్లో 91.7 శాతం వెండి ఉన్న ఆఖరి రూపాయి అది. 1940 నుంచి వెండి సగానికి దిగిపోయింది. 1939లో కొట్టినవాటిలో చాలావరకు జనం చేతికి రాకుండానే కరిగిపోయాయంటారు. ఏడాది వారీగా వరస కట్టేవాళ్ల ఆల్బంలో అన్ని గళ్లూ నిండి ఆ ఒక్కటే ఖాళీగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ గడినే చూస్తున్న మనిషి వెండి తూకం అడగడు.

ఇంకో మాట. ధర తేల్చేది గెలిచినవాడు కాదు, ఓడినవాడు. ఒకాయన 5 లక్షలదాకా వెళ్లగలడనుకోండి. రెండో మనిషి లక్ష దగ్గర ఆగిపోతే పాట లక్ష మీద కాస్తకే ముగుస్తుంది. ఆ రెండో మనిషే 4 లక్షలదాకా పాడితే అదే నాణెం 4 లక్షలు దాటుతుంది.

రాగిపైసా:
మరి ఆ రెండో మనిషి వచ్చేసారి రాకపోతే?

హాలీసిక్కా:
ధర తగ్గుతుంది, నిజమే. బ్రిటిష్ గయానా 1856 ఒక సెంటు స్టాంపు ప్రపంచంలో ఒక్కటే ఉంది. న్యూయార్క్ వేలంలో 2014లో సుమారు 95 లక్షల డాలర్లు పలికింది, 2021లో 83 లక్షలే. స్టాంపు అదే, పాడినవాళ్లు వేరు. అందుకే ఒక్క వేలం చూసి ధర చెప్పేవాళ్లను నేను నమ్మను. అలాగని ఆ కోరికను పిచ్చి అంటే మాత్రం ఒప్పుకోను.

గోదారిగట్టు గారూ, 1938లోని 8ని చెక్కి 9 చేసి అమ్మేవాళ్లున్నారు. కొనాలనుకుంటే ఆఖరి అంకె చుట్టూ గీకిన జాడ ఉందేమో భూతద్దంలో చూడండి. మీ దగ్గరున్నదాన్ని చింతపండు పెట్టి తోమకండి. వెండి మీద పట్టిన నల్లటి పొర పోతే సేకరించేవాళ్లు ముట్టుకోరు.

గోదారిగట్టు:
తోమను. అరుదన్నదీ ఒప్పుకుంటాను. కానీ రేపు ఏ గోడలోనో వంద 1939లు బయటపడితే, ఇవాళ లక్షలు పోసినాయన గతేమిటి? దానికి జవాబు రాలేదండీ.