ఒడ్డున దొరికిన తాబేలు గుడ్లు: ఇంట్లో పొదిగించొచ్చా?

చీరాల తీరం:
కుక్కలు తవ్వేసిన గూటిలోనో, పోటుకు ఒడ్డు కోసుకుపోయిన చోటో ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు గుడ్లు కొన్ని పగలకుండా మిగిలితే ఏం చేయాలి? థర్మోకోల్ పెట్టెలో ఇసుక పోసి, పైన బల్బు వేలాడదీస్తే పిల్లలవుతాయని కొందరు, మనిషి చెయ్యి తగిలితేనే చచ్చిపోతాయని కొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఉప్పుగాలి:
ఇంటికి మాత్రం తేవొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లే మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలు జంతువుల విషయంలో శిక్ష 3 నుంచి 7 ఏళ్ల దాకా ఉంటుంది, కాపాడదామనుకున్నానంటే వదిలెయ్యరు. ముందు అటవీ శాఖకు ఫోన్ చెయ్యండి. గుడ్లు పెట్టే కాలంలో విశాఖ, సూర్యలంక, కృష్ణా అభయారణ్యం వైపు హేచరీలు, అంటే గుడ్లను కాపలాలో పొదిగించే చోట్లు నడుస్తాయి. వాళ్లు వచ్చేలోపు మీరు చేయగలిగిన పని చాలానే ఉంది. కుక్కల్ని తోలండి. బయటపడ్డ గుడ్లను కదపకుండా పైన అదే గుంతలోని తడి ఇసుక కప్పండి, ఎండిన పై ఇసుక వద్దు. పక్కన పుల్ల పాతి, ఎవరూ తొక్కకుండా చూడండి. తల్లి జాడ ఇంకా కనిపిస్తోందా, చెరిగిపోయిందా అన్నది ఫోన్‌లోనే చెప్పండి. గుడ్లు పెట్టి ఎంతసేపైందో వాళ్లు దాన్నిబట్టే అంచనా వేస్తారు.

మూరలోతు:
ఎంతసేపైందన్నదే అసలు విషయం. చెయ్యి తగిలితే ఏమీ కాదు, తిరగబడితేనే చేటు. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకు పిండం పైకి చేరి పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును దొర్లించినా, గట్టిగా కుదిపినా ఆ పట్టు ఊడి పిండం చస్తుంది. బయటికి ఏ తేడా తెలియదు. యాభై రోజులయ్యాక గూడు తవ్వినప్పుడు కుళ్లిన గుడ్డుగా తేలుతుంది. కోడిగుడ్లు పొదిగించే అలవాటున్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. కోడిగుడ్డును తిప్పుతూ ఉండాలి, తాబేలు గుడ్డును అసలు తిప్పకూడదు.

అందుకే హేచరీకి మార్చాలనుకుంటే 2 గంటల్లోపు మేలు, 6 గంటలు దాటితే ఉన్నచోటే వదిలి పైన వల బిగించడం మేలు. అప్పుడే పెట్టిన గుడ్డు జిగురుగా, పెంకంతా ఒకే రంగులో ఉంటుంది. పైభాగాన సున్నపు బొట్టులా తెల్లమచ్చ కనిపించిందంటే పిండం అంటుకుందని అర్థం. ఒడ్డు కోసుకుపోతూ ఎలాగూ మార్చక తప్పదంటే, మచ్చ ఉన్న వైపు మెత్తని పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ వైపే పైకి ఉండేలా ఒక్కోటీ ఎత్తాలి.

సరుగుడుతోపు:
మార్చే పద్ధతి కూడా రాస్తున్నాను, కొత్త వాలంటీర్లకు పనికొస్తుంది. చేతులకు దోమల మందు, సన్‌స్క్రీన్ ఉండకూడదు. బకెట్ అడుగున గూటిలోని తడి ఇసుక నాలుగు వేళ్ల మందం పరిచి, గుడ్లు పేర్చి, పైన మళ్లీ అదే ఇసుక వేయండి. గుడ్లను కడగొద్దు, ఆ జిగురు అలాగే ఉండనివ్వండి. బండి మీద కంటే చేత్తో మోసుకెళ్లడం మంచిది, కుదుపు తగలదు.

కొత్త గుంత కుండ ఆకారంలో ఉండాలి, మెడ సన్నం, అడుగు వెడల్పు. లోతు సుమారు మూర, అంటే 45 సెంటీమీటర్లు. గూటికీ గూటికీ మీటరు ఎడం. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, అదీ ఇసుకకు సరిపడే తడి. నింపాక పైన అరచేత్తో అదిమితే చాలు, కాలితో తొక్కకండి, లోపలికి గాలి ఆడదు. సరుగుడు చెట్లకు మరీ దగ్గర తీసుకుంటే వేళ్లు గూట్లోకి దూరతాయి. పోయిన ఏడాది వాడిన చోట మళ్లీ పెట్టకండి, ఆ ఇసుకలో కుళ్లిన పెంకులుండి బూజు పడుతుంది. చుట్టూ కట్టే వల భూమిలోకి కూడా దిగాలి, లేకపోతే ఎండ్రకాయలు కింది నుంచి బొరియ చేసుకొస్తాయి.

చీరాల తీరం:
ఎండ బాగా ముదిరినప్పుడు పైన షేడ్ నెట్ వేస్తే మంచిదేనా?

మూరలోతు:
వేడి చూడకుండా వేయొద్దు. ఈ తాబేళ్లలో ఆడా మగా తేలేది ఇసుక వేడిని బట్టే, అదీ పొదుగు కాలంలో మధ్య మూడో వంతులో. 29-30 డిగ్రీల దగ్గర రెండూ వస్తాయి. అంతకంటే వేడైతే ఆడపిల్లలే ఎక్కువ, చల్లబడితే మగపిల్లలు. జనవరిలోనే నెట్ కప్పేస్తే మగవే పెరుగుతాయి. మార్చి దాటాక, గూటి లోతున థర్మామీటరు 34 దాటుతుంటే మాత్రం కప్పాలి, ఆ వేడి కొనసాగితే లోపలే చచ్చిపోతాయి. థర్మామీటరు మూర లోతున ఉండాలి, పై ఇసుక వేడి చూసి లాభం లేదు. బల్బు పెట్టెతో చిక్కు కూడా ఇదే. పైన మాడుతుంది, అడుగున చల్లగా ఉంటుంది, కరెంటు పోతే రెండూ తారుమారు.

న్యూజెర్సీ పెరడు:
ఇక్కడ అమెరికాలో జూన్‌లో స్నాపింగ్ తాబేళ్లు (మంచినీటి తాబేళ్లు) పెరట్లోనే గుడ్లు పెట్టిపోతాయి. అనుమతి ఉన్న రిహాబ్ (దెబ్బతిన్న జంతువులను కోలుకునేలా చూసే) కేంద్రాలు రోడ్డు మీద చనిపోయిన తల్లి గుడ్లను పెట్టెలో పొదిగిస్తాయి. వర్మిక్యులైట్ (తడిని పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు), నీళ్లు సమాన బరువులో కలిపి, గుడ్డు సగం దిగేలా పెట్టి, మూతకు నాలుగు చిల్లులు పెడతారు. గుడ్డు సొట్టపడితే తడి తగ్గిందన్నమాట. నీళ్లు గుడ్డు మీద కాకుండా పక్కన పోయాలి. పిల్ల పెంకు చీల్చాక బయటికి లాగకూడదు. పొట్ట కింద సొన సంచి ఇంకిపోయేదాకా తడి పేపర్ టవల్ మీద ఉంచాలి. పెరట్లో గూడు మామూలుగా ఉంటే కదపరు, పైన అరంగుళం వల బోను పెట్టి, పిల్లలు దాటేలా అంచుల్లో సందులు వదులుతారు. రక్కూన్లు (రాత్రిళ్లు తిరిగే ఇక్కడి అడవి జంతువులు) తవ్వేది ఎక్కువగా మొదటి రెండు మూడు రాత్రులే.

ఉప్పుగాలి:
పిల్లలు వచ్చే సమయం గురించి ఇంకొంచెం. మన తీరంలో 45 నుంచి 60 రోజులు. 45వ రోజు నుంచి గూటి మీద గంప బోర్లించి, రాత్రంతా గంటకోసారి చూడాలి. పైన ఇసుక గుంట పడిందంటే పిల్లలు కింద కదులుతున్నట్టే, తవ్వొద్దు. వచ్చినవాటిని నీళ్ల బకెట్‌లో వేయడం చాలాచోట్ల చూస్తుంటాం, దయచేసి ఆపండి. మొదటి రోజు ఈదడానికి దాచుకున్న బలమంతా బకెట్ గోడల మీదే ఖర్చయిపోతుంది. తడి గుడ్డ పరిచిన గంపలో, చీకట్లో ఉంచి, తెల్లారకముందే వదిలేయాలి. నీటి అంచుకు పది మీటర్ల ఇవతల దింపి, వాటినే నడిచి వెళ్లనివ్వండి. టార్చి, ఫోన్ ఫ్లాష్ వద్దు, వెలుతురు వైపే తిరిగిపోతాయి. రోజూ ఒకేచోట వదిలితే చేపలు కాపు కాస్తాయి, చోటు మార్చండి.

సరుగుడుతోపు:
మొదటి పిల్లలు వచ్చిన రెండు మూడు రోజులకు గూడు తవ్వి చూడండి. వేళ్లలోనో పెంకుల కిందో ఇరుక్కున్నవి బతికి దొరుకుతాయి. ఖాళీ పెంకులు, పిండం కనిపించని గుడ్లు, లోపలే చచ్చిన పిల్లలు వేరువేరుగా లెక్కపెట్టి రాసుకోండి. పిండం తొలిదశలోనే ఆగిపోయినవి ఎక్కువుంటే మార్చడం ఆలస్యమైందేమో చూడాలి. నిండుగా పెరిగి చచ్చినవి ఎక్కువుంటే వేడి లెక్కలు తిరగెయ్యండి.